కనిపెట్టుకుని ఉండడమంటే ఇదా?

ప్రశ్న: నా వయసు 46. విజయవాడ పటమటలో ఉంటాం. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో 17 ఏళ్లు అకౌంట్లు చూశాను. సెప్టెంబరులో మాన్పించారు. ఇంట్లో చెప్పలేదు. రోజూ క్యారియర్ పట్టుకుని బయల్దేరతాను. నాలుగు చోట్ల ఉద్యోగం అడిగి, మిగతా టైమంతా గుణదల కొండ మీద కూర్చుంటాను. బ్యాంకు లాకర్లో పెడతానని చెప్పి నా భార్య గొలుసు, గాజులు తాకట్టు పెట్టాను. ఆ డబ్బులోంచే ఒకటో తారీఖున 28 వేలు జీతమని ఇస్తున్నాను. ఆమె అందులోంచి దశమభాగం తీసి చర్చి కవరులో పెడుతోంది. బుధవారం కూటంలో 'ఒక సహోదరుని ఉద్యోగం కోసం' అని పేరు రాయకుండా ప్రార్థన చీటీ ఇచ్చాను. ఆ చీటీ కోసం నా భార్యే కన్నీళ్లతో ప్రార్థన చేసింది. ఆమెకు బీపీ ఉంది, ఈ టెన్షన్ తట్టుకోలేదు. ఉద్యోగం వచ్చాక సాక్ష్యంగా అందరి ముందు చెబుదామనుకుంటున్నాను. ఇలా దేవుడి సాయం కోసం కనిపెట్టుకుని ఉండడం విశ్వాసమా, పారిపోవడమా? యేసు ప్రభువు కూడా ఒంటరిగా కొండకు వెళ్లాడు కదా?

జవాబు: విశ్వాసమా, పారిపోవడమా అన్నది మీ పాస్టరు అయ్యగారిని అడగండి. నాకైతే అది అసలు ప్రశ్నలాగే కనిపించలేదు. మీ ఉత్తరంలో దేవుడి మాట తొమ్మిది పాళ్లుంది, మీ ఆవిడ మాట ఒక పాలు. ఆ ఒక్క పాలు దగ్గరే నాకు మనసు కలుక్కుమంది.

కొండ సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ప్రభువు కొండెక్కిన ఆ రాత్రి, నాలుగో జాముకల్లా గాలికి కొట్టుకుపోతున్న శిష్యుల పడవ దగ్గరికి వచ్చేశాడు. మీరూ సాయంత్రానికి దిగుతున్నారు, కాదనను. కానీ మీ పడవలో ఉన్నవాళ్లకి గాలి మొదలైందన్న సంగతే తెలియదు. కనిపెట్టుకుని ఉన్నానని మీరంటున్నారు. ఆవిడ కనిపెట్టేస్తుందేమోనని మీ భయం. ఈ రెండూ ఒకటి కావు.

తప్పుకోవడం అన్నిసార్లూ తప్పని నేను అనను. సొంత ఊరు నజరేతు వాళ్లే కొండ మీది నుంచి తోసేయబోతే ప్రభువు వాళ్ల మధ్యలోంచే నడిచి వెళ్లిపోయాడు. దావీదు సౌలు రాజు విసిరిన ఈటె తప్పించుకుని పరుగెత్తాడు. ఇంట్లో తన్నులు తినే ఆడవాళ్లు రాస్తే, ముందు ఆ ఇంట్లోంచి బయటపడమనే నేను చెబుతాను. మీ ఆవిడ చేతిలో ఈటె లేదు. ఉన్నదల్లా మీ క్యారియరే.

మీకు సరిపోయేది యాకోబు సంగతి. అన్నని మోసం చేసి పారిపోయి, 20 ఏళ్లు మామ దగ్గర గడిపాడు. తిరిగొస్తుంటే ఆ అన్న ఏశావు 400 మందితో ఎదురొస్తున్నాడని కబురు. అప్పుడేం చేశాడు? ప్రార్థన చేశాడు, బాగానే చేశాడు. ఆ వెంటనే 200 మేకలు, 20 మేకపోతులు, ఇంకా గొర్రెలు, ఒంటెలు మందలు మందలుగా ముందు పంపి, 'యాకోబు మా వెనక వస్తున్నాడు' అని చెప్పమన్నాడు. ముందు కానుకలు, వెనక తను! యబ్బోకు రేవు దగ్గర ఆ రాత్రి తెల్లవార్లూ ఒక మనిషితో పెనుగులాడి, తొడ గూడు వసిలి కుంటుతూ లేచాక గానీ అతను వరస మార్చలేదు. తెల్లారాక అందరి కన్నా ముందు తానే నడిచాడు. మీరు ఒకటో తారీఖున ఆవిడ చేతిలో పెట్టే 28 వేలు ఆ మేకల మంద లాంటివే. పైగా యాకోబు పంపినవి సొంత మేకలు. మీరిస్తున్నది ఆవిడ బంగారమే.

దశమభాగం దగ్గర నేను ఉత్తరం పక్కన పెట్టేసి కాసేపు అటూ ఇటూ తిరిగాను. ఆవిడ భక్తిగా 2,800 లెక్కపెట్టి కవరులో పెడుతుంటే మీరు పక్కనే ఉండి చూస్తున్నారా? పొలం అమ్మిన డబ్బులో కొంత దాచి, అబద్ధమాడి చచ్చిపడిన భార్యాభర్తలు అననీయ, సప్పీరాల పేరెత్తి మిమ్మల్ని భయపెట్టను. వాళ్లు కనీసం ఇద్దరూ కూడబలుక్కుని దాచారు.

ఇక బీపీ. ఆవిడకి బీపీ ఉందని ఉద్యోగం పోయిన సంగతి దాచేవాళ్లు, రేపు చర్చి నిండా జనం మధ్య మైకులో చెబుతానంటున్నారు. అప్పుడు పెరగదా బీపీ? పక్కన కూర్చున్నావిడ 'మీకు తెలియదా అక్కా?' అంటే ఏం చెప్పాలి ఆవిడ? శ్రమ మీ ఒక్కరిదే అయినట్టు, సాక్ష్యమూ మీ ఒక్కరిదే అనుకుంటున్నారు. పరువు మీకే కాదండీ, ఆవిడకీ ఉంది.

మా అమ్మమ్మ గుంటూరులో లూథరన్ మిషన్ బడిలో టీచరు. తాతయ్యకి అప్పులున్నాయని ఆయన పోయిన మూడో రోజున, గుమ్మంలో నిలబడ్డ అప్పులవాళ్ల నోటి వెంట తెలిసింది. నాలుగేళ్లలో తీర్చేసింది. ఏటా సమాధుల పండక్కి ఆయన సమాధికి సున్నం వేయించేది, కొవ్వొత్తి వెలిగించేది. మేమందరం వంగి ప్రార్థన చేస్తుంటే తను మాత్రం గేటు దగ్గర నిలబడేది. నేను ఇలా మాట్లాడుతుంటే అందులో కొంత ఆ గేటు దగ్గరిదే, అది కూడా లెక్కలో వేసుకోండి.

అయ్యగారి చేతో, బావమరిది చేతో చెప్పించకండి. తాకట్టు రసీదు, మీ దగ్గర మిగిలిన డబ్బు లెక్క, రెండూ టేబుల్ మీద పెట్టండి. 17 ఏళ్లు షాపు లెక్కలు రాసినవారు, ఇంటి లెక్క ఒక్క కాగితం మీద రాయలేరా? గడువు ఎప్పుడో, వడ్డీ కడితే ఇంకాస్త టైమిస్తారో లేదో ఇద్దరూ కలిసి వెళ్లి అడగండి. ఆవిడ అరుస్తుంది, ఏడుస్తుంది, రెండు రోజులు మాట్లాడదేమో కూడా. ప్రభువు క్షమించమన్నాడని అప్పుడు మాత్రం గుర్తు చేయకండి. ఆవిడ ప్రార్థన చేసిన చీటీ మీదేనని కూడా అదే రాత్రి చెప్పేయండి, తర్వాత ఎప్పుడో బయటపడితే అది ఇంకో దెబ్బ.

పైగా ఫిబ్రవరి 9, 10, 11 గుణదల మేరీమాత తిరునాళ్లు. సగం విజయవాడ ఆ కొండ మెట్ల మీదే ఉంటుంది. క్యారియర్‌తో కూర్చున్న మిమ్మల్ని ఎవరు ముందు చూస్తారో మీకే తెలియదు.

ఈ రాత్రి భోజనాలయ్యాక, రేపు క్యారియర్ కట్టొద్దని చెప్పండి. ఎందుకని ఆవిడే అడుగుతుంది.