బేతంచెర్ల అల్లుడికి ఒక జాబు

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. రెండు నెలలుగా నీకు దగ్గు తగ్గలేదంట, పాలిష్ మిషన్ కాడ నిలబడితే ఆయాసం వస్తాండాదంట. ఆర్‌ఎంపీ దగ్గర మూడుసార్లు సూది వేయించుకున్నావంట. పెద్దాసుపత్రికి పొమ్మంటే "ఇన్సూరెన్స్ లేదమ్మా, పోతే ఎంతవుతాదో" అన్నావంట. చిన్నదానికి జ్వరమొస్తే అర్ధరాత్రి బండి మీద నంద్యాలకు పరిగెత్తినోడివి కదప్పా! నీ దగ్గర కొచ్చేసరికి లెక్కలు గుర్తొచ్చినాయా?

ముప్పై ఏండ్లు సర్కారు మందుల కిటికీ ఎనక నిలబడినోణ్ణి. జబ్బు కంటే ముందు జేబు ఖాళీ చేసేది తిరుగుడే. ఈ సూది, ఆ స్కాను, ఎవురో చెప్పిన ఇంకో డాక్టరు. ఆ మూడు సూదులకూ టానిక్కులకూ ఎంతయ్యిందో మీ అమ్మ చెప్పింది. అందులో సగం పెట్టినా కర్నూలుకు వచ్చి, అన్ని పరీక్షలూ చేయించుకొని, ఇంటికి పండ్లు కూడా కొనుక్కొని పోయుందువు.

రెండు వారాలు దాటిన దగ్గుకు మొదట చేయాల్సింది తెమడ పరీక్ష. సర్కారు ఆసుపత్రిలో దానికి పైసా తీసుకోరు. పొద్దున లేస్తానే లోపల్నుంచి వచ్చే తెమడ ఇవ్వాల, ఉమ్మి కాదు. టీబీ అని తేలినా భయపడొద్దు. మందులు ఉచితం, మామూలుగా ఆరు నెలలు. వాడినన్ని రోజులూ తిండికని నెలకు 1000 రూపాయల లెక్కన బ్యాంకులో వేస్తారు. ఇంకోటి, డాక్టరు అడగకపోయినా నువ్వే చెప్పు: "నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఇన్నేండ్ల నుంచి పని" అని. అది చీటీ మీద రాయించు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే ఎక్స్‌రేలో టీబీ మాదిరే కనపడొచ్చు, కానీ టీబీ మాత్రలకు అది పోదు. పని సంగతి చెప్పక ఏండ్ల తరబడి తప్పు మందు మింగినోళ్లను నా కిటికీ కాడే చూసినా.

ఇంక కార్డు సంగతి. ఆరోగ్యశ్రీ 2007లో మూడు జిల్లాల్లో మొదలైతే వాటిల్లో మన పక్కనుండే అనంతపురం ఒకటి. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఏ పేరైనా జనం నోట్లో ఆరోగ్యశ్రీనే. నీ పెండ్లయ్యి ఆరేండ్లయినా పిల్లల పేర్లు కార్డులోకి ఎక్కించలేదని మీ అమ్మ అనింది. రేపే మీ కాడుండే వార్డు సచివాలయానికి పో. ఆపరేషన్ బల్ల మీద పండుకున్నాక గుర్తొస్తే ఎవురూ ఏం చేయలేరు. మీ నాయనకు 70 దాటినాయి కదా, ఆ వయసోళ్లకు ఆదాయంతో పనిలేకుండా కేంద్రం 2024లో తెచ్చిన ఆయుష్మాన్ కార్డుంది. ఆధార్ తీసుకుపోయి దాని సంగతీ అడుగు.

కార్డుంటే చాలదు, నా తమ్ముడి కాడ నేర్చుకున్నా. ఒక రాత్రి వాడికి గుండెనొప్పి. నేనే, మందులు తెలిసిన పెద్దమనిషిని, దగ్గర్లో కనపడిన ప్రైవేటు ఆసుపత్రికి ఎత్తుకుపోయినా. తెల్లారేలోపు 22,000 కట్టించుకున్నారు. అప్పుడు చెప్పినారు, ఆ పథకం వాళ్ల దగ్గర ఎముకల ఆపరేషన్లకే ఉందంట, గుండెకు లేదంట. గోడ మీద బోర్డు మాత్రం ఇంత పెద్దది! అందుకే చెప్తాండా, బోర్డు చూసి నమ్మొద్దు. ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చోనుంటారు. "ఈ జబ్బుకు ఇక్కడ ఉందా?" అని అడిగి, ఉందంటేనే లోపలికి పో. ముందే తెలుసుకోవాలంటే 104కు ఫోన్ చెయ్. రాత్రిపూట ప్రాణం మీదికొస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి 108.

మీ ఫ్యాక్టరీ సంగతి కూడా అడగాల. పది మంది పనిచేసే చోట, జీతం నెలకు 21,000 లోపుంటే ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, కట్టాల. నీ జీతంలోంచి నూటికి ముప్పావలా పోతాది, యజమాని మూడుంపావలా వేస్తాడు. నీకే కాదు, భార్యా పిల్లలకూ వైద్యం వస్తాది. పదమూడు మంది చెమటోడ్చే చోట రిజిస్టర్లో తొమ్మిది పేర్లే ఎట్లుంటాయో ఆ దేవుడికే ఎరుక. కొట్లాడమనను. జీతం చీటీ అడిగి తీసుకో, అందులో ఏం కోస్తాండారో చూడు.

షుగర్, బీపీ మాత్రలు మీ పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు. అక్కడ లేనివి జన ఔషధి షాపులో కొను, సగం ధరకే వస్తాయి, కొన్ని ఇంకా తక్కువకు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏ కంపెనీదైనా మెట్‌ఫార్మినే. డాక్టరును మందు పేరు రాయమని అడుగు, కంపెనీ పేరు కాదు.

గుండె, మూత్రపిండాల పెద్ద రోగాలొస్తే పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉండాది. 1991 నుంచి నడుస్తాండాది, బిల్లు కట్టే కిటికీనే లేదు. రిపోర్టులన్నీ తీసుకొని పోవాల, వరుసలో ఓపిక పట్టాల. బత్తలపల్లిలో ఆర్‌డీటీ అనే సేవా సంస్థ ఆసుపత్రిలో ఖర్చు తక్కువ. ఎప్పుడన్నా ప్రైవేటులో కట్టక తప్పకపోతే అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం పారేయొద్దు. ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టొచ్చు.

దీనికోసమే ఒక కవరు పెట్టుకో. మన ఇంట్లో చీరల షాపు ప్లాస్టిక్ కవరుంది చూడు, మీ అత్త తలుపు ఎనక మేకుకు తగిలించింది, అట్లాంటిది. ఆధార్, బియ్యం కార్డు జిరాక్సులు, బ్యాంకు పుస్తకం, పాత చీటీలు, ఎక్స్‌రేలు అన్నీ అందులోనే. ఆర్‌ఎంపీ ఏం సూది వేసినాడో అడిగి ఒక కాగితం మీద రాసుకొని అది కూడా వెయ్యి.

మంగళవారం మొదటి బస్సుకు రా. సోమవారం వద్దు, గద్వాల నుంచి రాయచూరు దాకా జనమంతా ఆ రోజే ఓపీ కాడ ఉంటారు. నేను పెద్దాసుపత్రి గేటు కాడ నిలబడతా. టీ కూడా తాగకుండా రా, షుగర్ చూపిద్దాం. రక్తం ఇచ్చినాక తిందువు, మీ అత్త ఉగ్గాని డబ్బాలో పెట్టిస్తానంది.

మీ మామ