బీచ్‌లో రాళ్లు గీరుకుని కాలు వాచింది.. షుగర్ ఉంది, ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. మొన్న విశాఖ యారాడ బీచ్‌లో ఈత కొడుతుంటే అల రాళ్ల మీదకు నెట్టేసింది. చీలమండ దగ్గర, పాదం పక్కన గీరుకుపోయింది. పసుపు అద్ది కట్టు కట్టాను. ఈరోజు చుట్టూ ఎర్రబడి వాచింది. జ్వరం లేదు. వచ్చే నెల రుషికొండలో కయాకింగ్‌కు వెళ్లొచ్చా?

జవాబు: కయాకింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈరోజే డాక్టర్‌కు కాలు చూపించండి. జ్వరం లేదని ఆగొద్దు.

అలలు తగిలే రాళ్లకు తెల్లటి గుల్లలు గుత్తులుగా అతుక్కుని ఉంటాయి. వాటి అంచు బ్లేడులా కోస్తుంది. పైకి గీతలా కనిపించే గాయంలో గుల్ల ముక్క, ఇసుక ఇరుక్కుని ఉండొచ్చు. వాటితోపాటు విబ్రియో లాంటి ఉప్పునీటి బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. షుగర్, లివర్ జబ్బు ఉన్నవారిలో ఇది గంటల్లోనే ముదిరిపోగలదు. పైగా షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గి ఉంటే నొప్పి తెలియదు. కాబట్టి నొప్పి తక్కువగా ఉందని ధైర్యపడకండి.

బయల్దేరే ముందు కట్టు విప్పి, కుళాయి ధార కింద సబ్బుతో ఐదు నుంచి పది నిమిషాలు కడగండి. పసుపంతా పోవాలి. అది గాయంలో పేరుకుంటుంది, ఎరుపు ఎంత పాకిందో కూడా కనిపించనివ్వదు. ఎరుపు అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి పక్కన టైం రాయండి. షుగర్ చూసుకుని ఆ అంకె డాక్టర్‌కు చెప్పండి.

అన్నింటికంటే ముఖ్యంగా ‘సముద్రంలో రాయి తగిలింది’ అని చెప్పండి. ఎందుకంటే మందు దాన్నిబట్టే మారుతుంది. షాపులో కొనుక్కునే అమాక్సిసిలిన్‌ను ఈ బ్యాక్టీరియాపై నమ్ముకోలేం. విబ్రియో అనుమానం ఉంటే డాక్సీసైక్లిన్‌తో పాటు సెఫలోస్పోరిన్ రకం ఇంజెక్షన్ ఇస్తారు. లోపల ముక్క ఉందేమోనని ఎక్స్‌రే తీయిస్తారు. ఇలాంటి గాయాన్ని సాధారణంగా వెంటనే కుట్టరు, మురికి లోపలే మూసుకుపోతుంది. టీటీ చేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి.

ఎరుపు మీరు గీసిన గీతను దాటినా, గాయం సైజుకు మించిన నొప్పి వచ్చినా, ఊదారంగు లేదా రక్తపు బొబ్బలు లేచినా, చలిజ్వరం, మత్తు ఉన్నా క్లినిక్‌ల చుట్టూ తిరగకండి. 108కి ఫోన్ చేసి సర్జన్ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. కుళ్లిన భాగాన్ని వెంటనే తీసేయాల్సి రావచ్చు.

గాయమైన రెండు నుంచి నాలుగు వారాలకు అక్కడ చిన్న గడ్డ లేస్తే, అది నీటి నుంచి వచ్చే మరో ఇన్ఫెక్షన్ కావచ్చు. పాత గాయం సంగతి అప్పుడు కూడా చెప్పండి.

ఇక కయాకింగ్. చర్మం పూర్తిగా మూసుకుని పొక్కు రాలేదాకా ఉప్పునీళ్లలో దిగొద్దు. వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్‌ను నమ్మకండి, అలల్లో ఊడిపోతుంది. వెళ్లినప్పుడు చెప్పులు కాకుండా గట్టి అడుగున్న వాటర్ షూ వేసుకోండి. గ్లిమిపిరైడ్ వాడేవారికి తెడ్డు వేసేటప్పుడు షుగర్ పడిపోవచ్చు. దిగేముందు 100 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండు తినండి. గ్లూకోజ్ పొడిని నీళ్లు చొరని సంచిలో లైఫ్ జాకెట్‌కు కట్టుకోండి, పక్కనున్న శిక్షకుడికి మీ షుగర్ గురించి ముందే చెప్పండి.