అటక మీది క్యాసెట్ల గురించి అమ్మాయికి

కావలి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సింగరాయకొండ ఇంట్లో అటక మీంచి దించిన వీడియో క్యాసెట్ల ఫొటో చూశాను. వాటిని ఆడించే పాత వీసీఆర్ ఒకటి కొన్నానని, ఆదివారం అన్నీ వేసి చూస్తానని రాశావు. దయచేసి ఆగమ్మా, ఏ క్యాసెట్టూ ఇప్పుడే వేయొద్దు. వీడియో షాపు నడిపినన్నాళ్లూ చూశాను, పాత టేపులు ఎక్కువగా పాడయ్యేది 'ఒకసారి వేసి చూద్దాం' అనుకున్న రోజే.

ముందు ఒక్కో క్యాసెట్టునూ వెలుతురులో పట్టుకుని, పైనున్న అద్దంలోంచి రీలు అంచు చూడు. నల్లగా, నున్నగా ఉంటే మంచిదే. పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలుంటే అది బూజు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల వానలు కదా, ఆ చెమ్మంతా అటక మీది పెట్టెల్లోకి చేరుతుంది. మే నెలలో మళ్లీ రేకుల కింద వేడి. టేపుకు రెండూ పడవు. బూజు పట్టిన టేపు వీసీఆర్‌లో పెడితే ఆ పొడి టేపు మీది బొమ్మను చదివే హెడ్‌కు అంటుకుని, తర్వాత వేసే మంచి క్యాసెట్లకు కూడా పాకుతుంది. అలాంటివి వేరే డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి మూత బిగించి పెట్టు. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టడం, గుడ్డతో తుడవడం, ఏవీ వద్దు. వాటిని విప్పి శుభ్రం చేయడం వచ్చినవాళ్లకే ఇద్దాం.

బాగున్నవాటికి వెనక అంచున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. అది విరిచెయ్. ఇక పొరపాటున రికార్డు బటన్ నొక్కినా బొమ్మ చెరిగిపోదు. వీసీఆర్‌లో మొదట వేయాల్సింది పోయినా బాధలేని పాత సినిమా క్యాసెట్టు. అది మొదటి నుంచి చివరిదాకా నలగకుండా నడిస్తేనే మనవి. అప్పుడు కూడా వెంటనే ప్లే నొక్కకు. ఒకసారి చివరిదాకా చుట్టి, మళ్లీ వెనక్కి చుట్టు. ఏళ్ల తరబడి బిగుసుకున్న రీలు వదులవుతుంది.

వీసీఆర్‌లు తయారు చేసిన చివరి కంపెనీ జపాన్‌లోని ఫునాయ్. అది కూడా 2016లో ఆపేసింది. ఇప్పుడు బెల్టు తెగినా, హెడ్ అరిగినా ఇంకో పాత మిషన్‌లోంచి తీసి వేయాల్సిందే. 2019లో యునెస్కో కూడా హెచ్చరించింది, 2025 నాటికల్లా టేపులు ఆడించడం దాదాపు అసాధ్యమో, మోయలేనంత ఖర్చో అవుతుందని. టేపు ఇంకొన్నాళ్లు ఉంటుందేమో గానీ దాన్ని ఆడించే మిషన్ ఉండదు. అందుకే ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయొద్దంటున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఆ రోజుల్లో పెళ్లి వీడియో ఎడిటింగ్ అంటే మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు వేయడమే. అసలు మాటలన్నీ ఆ పాటల కింద పోయేవి. మీ అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్టులో మంత్రాలు, మేళం, మీ తాతయ్య కేకలేస్తూ వడ్డన చేయించడం వినపడవు. అవి కెమెరాలో తీసిన అసలు క్యాసెట్టులో ఉంటాయి. స్టూడియో వాళ్లు దాన్ని విడిగా ఇచ్చి ఉండొచ్చు, లేబుల్ కూడా లేకుండా. అందుకే పేరు రాయని క్యాసెట్టు ఏదీ పారేయొద్దు, ముందు వాటినే చూద్దాం. బంధువుల ఇళ్లలో ఉన్నవి కాపీకి కాపీలు, బొమ్మ అలుక్కుపోయి ఉంటుంది. కుదిరితే కాపీ కాని మొదటి క్యాసెట్టునే కంప్యూటర్‌లోకి ఎక్కించు.

మూడు గంటల క్యాసెట్టు కంప్యూటర్‌లోకి రావాలంటే మూడు గంటలూ ఆడాల్సిందే, అడ్డదారి లేదు. వీసీఆర్ నుంచి వచ్చే తీగల్లో పసుపు పిన్ను బొమ్మకు, ఎరుపు, తెలుపు శబ్దానికి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ ఉండు. టీవీలో ఆడిస్తూ ఫోన్‌తో తీయడం మాత్రం వద్దు, బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. మన దేశంలో వాడిన వీడియో పద్ధతి పాల్, ఆ టేపు కంప్యూటర్‌లోకి వచ్చే సైజు 720×576 చుక్కలు, దాన్ని అలాగే ఉంచు. హెచ్‌డీ చేస్తామని సాగదీస్తే మనుషుల మొహాలు వెడల్పైపోతాయి. డీవీ అనే రకం ఫైలుగా దాస్తే గంటకు సుమారు 13 జీబీ పడుతుంది. ఆ పెద్ద ఫైలే అసలుది, దాన్ని ముట్టుకోకు. వాట్సాప్‌లో పంపడానికి చిన్నది వేరే చేసుకో. మీ మేనత్త అమెరికా నుంచి పంపినవి అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ అయి ఉంటాయి, వాటికి రెండు పద్ధతులూ ఆడించే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి.

నీ చిన్నప్పటి మినీ డీవీ టేపుల్లో, అంటే చిన్న కెమెరా టేపుల్లో, ఉన్నది ముందే డిజిటల్. వాటికి పసుపు పిన్ను వాడితే నాణ్యత పోతుంది. కెమెరా నుంచి ఫైర్‌వైర్ అనే కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఉన్నదున్నట్టు దించుకోవాలి. ఆ పోర్టు కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండదు, పాత కంప్యూటర్ వెతకాలి. ఓణీల ఫంక్షన్ డీవీడీలైతే ఈ వారమే ఫోల్డర్ మొత్తం కాపీ చేసెయ్. ఇంట్లో రాసిన డిస్కుల మీది రంగు పొర ఎండకు, వేడికి చెడిపోతుంది.

రెండు హార్డ్ డిస్కులు కొను. ఒకటి ఒంగోలులో నీ దగ్గర, ఇంకొకటి హైదరాబాద్‌లో మీ అన్న దగ్గర. ఒకే ఇంట్లో రెండూ పెడితే ఒక్క వరదకే రెండూ పోతాయి. సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు రెండూ తెరిచి, ఫైళ్లు ఆడుతున్నాయో లేదో చూడండి. యూట్యూబ్‌లో పెడితే చాలనుకోకు. ఆ సినిమా పాటల వల్ల కాపీరైట్ గొడవ వచ్చి వీడియో ఆగిపోవచ్చు.

ఇంకొకటి, దీనికి మిషన్ కూడా అక్కర్లేదు. ఎక్కించిన వీడియో మీ నాయనమ్మకు చూపించు, చూపిస్తూ పక్కన ఫోన్‌లో రికార్డింగ్ పెట్టు. పందిట్లో కూర్చున్న ఫలానా వాళ్లెవరు, ఆ పట్టుచీర ఎవరిది, బండి కట్టుకుని ఏ ఊరి నుంచి వచ్చారు, ఇవన్నీ ఆమెకే తెలుసు. ఆమె చెప్పిన పేర్లు నిమిషాలతో సహా రాసి, ఆ కాగితం ఫొటో కూడా ఫైలు పక్కనే పెట్టు. ఫైలుకు సంవత్సరం, ఊరు, ఎవరి వేడుక, ఈ మూడూ పేరులో ఉండాలి. ఎవరో తెలియని జనం ఉన్న వీడియోను రేపు నీ పిల్లలు ఎందుకు దాస్తారు?

ఎక్కించాక కూడా క్యాసెట్లు పారేయొద్దు, పొడి చోట నిలువుగా నిలబెట్టు. షాపుకిచ్చి చేయిస్తే ముందే అడుగు, టేపులు వెనక్కిస్తారా, ఏ ఫైలుగా ఇస్తారు, మధ్యలో ఎఫెక్టులు, పాటలు కలపకుండా ఇస్తారా అని. కొరియర్‌లో ఏదీ పంపకు.

బూజు పట్టినవి, లేబుల్ లేనివి రెండు సంచుల్లో వేసుకుని కావలి రా, స్టేషన్‌కు నేనే వస్తాను. నా మల్టీ సిస్టమ్ వీసీఆర్ ఇంకా ఆడుతోంది. వచ్చేటప్పుడు మినీ డీవీ కెమెరా, దాని ఛార్జర్ మీ ఇంట్లో ఎక్కడున్నాయో మీ అన్నను అడిగి పట్టుకొచ్చెయ్.

మీ పెదనాన్న