స్క్రాపులో జీపు దొరుకుతుంది, ఆర్సీ దొరకదు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఆఫ్‌రోడింగ్ (రోడ్డు లేని చోట బండి నడపడం) మీద మోజుతో పాత సామానుతో ఒక జీపు కట్టించుకుందామనుకుంటున్నాను. బడ్జెట్ రూ.3 లక్షలు. ఒక స్క్రాప్ షాపులో మహీంద్రా ఎంఎం 540 జీపు చాసిస్ (బండి అడుగు చట్రం) చూసి రూ.20,000 అడ్వాన్సు ఇచ్చాను. దానికి కాగితాల్లేవు. యాక్సిడెంట్ అయిన బొలెరో నుంచి ఇంజిన్, గేర్‌బాక్స్ తీసి పెట్టి, పెద్ద టైర్లు, ముందు గార్డు, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), టాపు మీద లైట్లు వేయిద్దామని ఆలోచన. ఇంకో రూ.40,000 ఇస్తే ఆర్సీ సంగతి తానే చూసుకుంటానని షాపతను అంటున్నాడు. ఇది కుదురుతుందా? రిజిస్ట్రేషన్ లేకుండా మా తోటలో, గుట్టల్లో మాత్రమే నడిపితే ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ముందు ఆ రూ.40,000 ఇవ్వకండి. మీరు చూసింది ఇప్పటికైతే ఇనుమే. చట్టం దృష్టిలో బండి అంటే చాసిస్ మీద కొట్టిన నంబరు, ఆ నంబరు పేరిట బతికున్న ఆర్సీ. మిగతావన్నీ దాని చుట్టూ బిగించే సామాను.

కాగితాల్లేని చాసిస్‌కు కొత్తగా రిజిస్ట్రేషన్ ఎందుకు రాదంటే, కొత్త బండికి ఫారం 20 దరఖాస్తుతో పాటు ఫారం 21 అమ్మకపు సర్టిఫికెట్టు, తయారీదారు ఇచ్చే ఫారం 22 పెట్టాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం తయారీదారు ముందుగా ఆ మోడల్‌ను పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థలో పరీక్ష చేయించి ఆమోదం పొందాలి. లేత్ షాపులో వెల్డింగ్ చేసి కట్టిన ఒక్క జీపు కోసం ఈ దారి పట్టడం మీ బడ్జెట్‌తో అయ్యే పని కాదు.

మరి షాపతను ఎలా 'చూసుకుంటాడు'? సాధారణంగా జరిగేది ఇదీ: ఎక్కడో మూలన పడ్డ మరో జీపు ఆర్సీ తెస్తారు. మీ చాసిస్ మీద నంబరు గ్రైండర్‌తో చెరిపి, ఆ ఆర్సీలోని నంబరు పంచ్‌లతో కొడతారు. లేదా ఆ జీపు చాసిస్‌లో నంబరున్న ముక్కనే కోసి ఇక్కడ అతికిస్తారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీస్తే అక్షరాల లోతు, వరుస తేడా తెలిసిపోతుంది. అనుమానం వస్తే ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55(5) కింద తప్పుడు పత్రాలతో రిజిస్ట్రేషన్ పొందినా, ఇంజిన్ నంబరు గానీ చాసిస్ నంబరు గానీ ఆర్సీలో ఉన్నదానికి తేడాగా ఉన్నా రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. దాని మీద ఫోర్జరీ కేసు. ఆ చాసిస్ దొంగ బండిదని తేలితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317(2) కింద దొంగసొత్తు తీసుకున్నందుకు 3 ఏళ్ల వరకు జైలు. 'నాకు తెలియదు' అనొచ్చు. కానీ బిల్లు లేకుండా, మరీ చవకగా, కాగితాలు తరువాత అన్న మాట మీద కొన్నారంటే, తెలిసే కొన్నారనడానికి పోలీసులు చూపించేది సరిగ్గా ఆ మూడు సంగతులే. హరియాణాలోని మండీ డబ్వాలీ నుంచి కట్టిన జీపు తెప్పించుకుందామనుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. 'ఆర్సీతో సహా' అన్న ప్రకటన చూసి డబ్బు పంపకండి; ఆర్సీలోని నంబరు, చాసిస్ మీది నంబరు, రవాణా శాఖ రికార్డు మూడూ ఒకటేనా చూసుకోండి.

మీ కోరిక తీరే దారి వేరే ఉంది. సామాను కొనడానికి ముందు ఆర్సీ ఉన్న పాత జీపు వెతకండి. తుప్పు పట్టినా, ఇంజిన్ బిగుసుకుపోయినా, టైర్లు లేకపోయినా ఫర్వాలేదు. చాసిస్, నంబరు, యజమాని కావాలి.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. గడువు తీరిన ఆర్సీ వేరు, రద్దయిన ఆర్సీ వేరు. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తరువాత ఐదేసి ఏళ్లకు ఫారం 25తో పొడిగించుకోవచ్చు. గడువు తీరి ఏళ్లు గడిచినా ఆలస్య రుసుము కట్టి, బండి నడిచే స్థితిలో చూపించి బతికించుకోవచ్చు. కార్లు, జీపులకు 15 ఏళ్లు దాటాక రెన్యువల్ రుసుము రూ.5,000, 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో 20 ఏళ్లు దాటినవాటికి రూ.10,000. ఆలస్య రుసుము, హరిత పన్ను, బాకీ ఉంటే జీవితకాల పన్ను అదనం. జీపు కొనే ముందే ఆర్టీఏ ఆఫీసులో ఈ లెక్క వేయించుకోండి; కొన్ని జీపులకు ఇనుము కన్నా ఇదే ఎక్కువవుతుంది. సెక్షన్ 55 కింద రద్దయిన ఆర్సీని మాత్రం అప్పీలులో గెలిస్తే తప్ప ఎవరూ లేపలేరు. బీమా కంపెనీ పూర్తి నష్టం కింద తీర్చేసిన బండి కొనేటప్పుడు ఇది తప్పక చూడాలి.

పోలీసు, అటవీ, ఇతర శాఖల పాత జీపులు వేలంలో చవకగా కనిపిస్తాయి. వాటి జోలికి పోకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన 52ఏ నిబంధనతో ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసిపోతుంది, రెన్యువల్ లేదు, తుక్కు చేయాల్సిందే. సైన్యం వేలం జీపైతే సంబంధిత అధికారి ఇచ్చిన అసలు అమ్మకపు సర్టిఫికెట్టు మీ పేరిట ఉండాలి. మధ్యవర్తి పేరిట ఉన్న జిరాక్సు పనికిరాదు. వేలం నోటీసులో తుక్కుగా అమ్ముతున్నట్టు రాసి ఉంటే వదిలేయండి.

పల్లెల్లో పడున్న జీపులకు ఇంకో చిక్కు: ఆర్సీలో పేరున్న పెద్దాయన పోయి ఉంటారు. వారసులు ముందు ఫారం 31తో తమ పేరిట మార్పించుకోవాలి, తరువాతే 29, 30 ఫారాలతో మీకు అమ్మాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని ఏళ్ల తరబడి తిప్పేవాళ్లుంటారు. ప్రమాదం జరిగిన రోజున ఆ వారసులూ, మీరూ కలిసి కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. ఢిల్లీ నుంచి డీజిల్ బండి తెస్తే సెక్షన్ 48 కింద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేనిదే లారీ ఎక్కించకండి.

ఇక ఏం మార్చొచ్చు, ఏది మార్చకూడదు. సెక్షన్ 52 ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు ఆర్సీ వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆర్టీఓ వర్సెస్ కె. జయచంద్ర కేసులో దీన్ని కచ్చితంగా పాటించాల్సిందేనని తేల్చింది, కేరళ హైకోర్టు ఇచ్చిన వెసులుబాటును కొట్టేసింది. కాబట్టి ఆర్సీ చేతిలో పెట్టుకుని వరుసగా చూడండి: బాడీ రకం, సిలిండర్లు, సీసీ, ఇంధనం, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), సీట్లు, బరువు, రంగు. మీరు చేసే పని వీటిలో దేన్ని కదిలిస్తుందో అక్కడ ఆగండి.

మీ బొలెరో ఇంజిన్ ఇక్కడే తగులుకుంటుంది. ఎంఎం 540తో వచ్చింది 2,112 సీసీ ప్యుజో డీజిల్, పాత బొలెరోలది ఎక్కువగా 2,523 సీసీ. సీసీ మారింది, నంబరు మారింది, చెప్పకపోతే నేరం, చెబితే తిరస్కరణ. ఇదే కంపెనీ ఇంజిన్ కదా అంటే చాలదు. అదే మోడల్‌కు కంపెనీ వేసిన రకమే కావాలి. పాత ఇంజిన్‌ను రీబోర్ చేయించి, స్లీవులు, పిస్టన్లు, బేరింగులు మార్చి కట్టించడం చాలా సందర్భాల్లో చవక. దాని నంబరు మారదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. బ్లాకు పగిలి మార్చక తప్పకపోతే అదే రకం ఇంజిన్ వెతికి, ముందు ఆర్టీఏ అనుమతి తీసుకుని, తరువాతే బిగించండి. ఆ ఇంజిన్‌తో పాటు జీఎస్టీ బిల్లు మీద ఇంజిన్ నంబరు, అది వచ్చిన బండి ఆర్సీ నకలు, ఆ ఆర్సీ రద్దయిన కాగితం, పాత బండి మీద ఉండగా నంబరు ఫొటో, ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) నుంచి దొంగ బండి కాదన్న నివేదిక ఉండాలి. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే బిల్లిచ్చే షాపులు ఉన్నాయి. జీఎస్టీ మిగులుతుందని మనవాళ్లే వద్దంటారు. గేర్‌బాక్స్, హౌసింగ్, డిఫరెన్షియల్, కమాన్ పట్టీలకు మామూలు బిల్లు చాలు.

మీ మనసు నొచ్చుకునేది ముందు గార్డు దగ్గర. క్రాష్ గార్డులు, బుల్ బార్లు సెక్షన్ 52కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. టాపు మీద లైట్లకు 111వ నిబంధన అడ్డు: ముందు వైపు స్పాట్‌లైట్, సెర్చ్‌లైట్ పెట్టడానికి ప్రత్యేక అనుమతి కావాలి. గుట్టకు చేరాక బిగించి, రోడ్డెక్కే ముందు ఊడదీయడమే మేలు. సైలెన్సర్ కోసేస్తే సెక్షన్ 190(2) కింద రూ.10,000 వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, లైసెన్సు మీద వేటు. టైర్లు కంపెనీ ఆ మోడల్‌కిచ్చిన సైజుల్లోనే వేయండి. మడ్ గ్రిప్ ఉన్న టైరు అదే సైజులో దొరుకుతుంది, దానికి అభ్యంతరం లేదు. చాసిస్ కోసి పొట్టి చేయడం, ఓపెన్ బాడీని హార్డ్ టాప్ చేయడం వద్దు. తుప్పు తిన్న చోట పట్టీ వేసి వెల్డింగ్ చేయించొచ్చు గానీ నంబరున్న చోట పట్టీ, పుట్టీ, మందమైన పెయింటు పడనివ్వకండి. బ్రష్‌తో శుభ్రం చేసి, ప్రింట్ తీసి, తారీఖు వేసి దాచుకోండి.

అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. మీ జాబితాలో ఉన్నవాటిని మీరే లెక్కేసుకోండి. చట్టంలో డీలరు అన్న మాటకు బాడీ కట్టేవాళ్లు, రిపేరు చేసేవాళ్లు కూడా వస్తారు, అందువల్ల 182ఏ(1) కింద బండికి లక్ష రూపాయల జరిమానా, ఏడాది వరకు జైలు మీ మెకానిక్‌కూ తగిలే వీలుంది. మంచి మెకానిక్ మీరడిగింది చేయనంటే కోపం తెచ్చుకోకండి.

తోటలో మాత్రమే నడిపితే? సెక్షన్ 39 పబ్లిక్ చోటే కాదు, 'మరే ఇతర చోటైనా' రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం నడపరాదంటుంది. మినహాయింపు ఫ్యాక్టరీ లాంటి ఆవరణల లోపలే వాడేలా తయారైన ప్రత్యేక బండ్లకు. రోడ్డు మీద నడవగల జీపుకు అది వర్తింపజేయడం కష్టం. కంచె వేసిన సొంత భూమిలో ఎవరూ అడగరన్నది నిజమే, కానీ గేటు దాటి పక్క తోటకు వెళ్లే బాట ఎక్కిన క్షణంలో సెక్షన్ 207 కింద సీజ్ చేయొచ్చు, సెక్షన్ 192 కింద మొదటిసారి రూ.5,000 వరకు, రెండోసారి రూ.10,000 వరకు లేదా ఏడాది జైలు. అలాంటి బండిని ఆఫ్‌రోడ్ పోటీకి తీసుకెళ్లాలంటే డీసీఎం ఎక్కించాలి, గొలుసు కట్టి లాక్కెళ్లకూడదు. గుట్టలంటున్నారు, అవి రిజర్వ్ ఫారెస్టా అన్నది ముందు బీట్ ఆఫీసరును అడిగి తెలుసుకోండి. అనుమతి లేకుండా వెళ్తే అటవీ చట్టం కింద కేసు, బండి స్వాధీనం, అప్పుడు ఆర్సీ ఉన్నా కాపాడదు.

అసలు భయపడాల్సింది బీమా గురించి. రిజిస్ట్రేషన్ లేని బండికి జరిగిన నష్టానికి బీమా సొమ్ము రాదని సుప్రీంకోర్టు 2014లో నరీందర్ సింగ్ కేసులో చెప్పింది. ఏటవాలులో జీపు పల్టీ కొట్టి పక్క సీట్లో స్నేహితుడు పోతే న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద 5 ఏళ్ల వరకు శిక్ష, నష్టపరిహారం మాత్రం మీ తోట అమ్మి కట్టాలి. ఆర్సీ ఉన్న జీపుకైనా చేసిన ప్రతి మార్పునూ బీమా కంపెనీకి రాసి, జవాబు దాచుకోండి.

ఆర్టీఏ మీ దరఖాస్తు తిరస్కరిస్తే నోటి మాటతో వెనక్కి రాకండి. రాతపూర్వకంగా ఉత్తర్వు తీసుకుంటే సెక్షన్ 57 కింద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఇచ్చిన అడ్వాన్సు సంగతి. ఆ చాసిస్ ఏ బండిదో చెప్పే ఆర్సీ నకలు, రద్దు కాగితం, అమ్మకపు బిల్లు 15 రోజుల్లో ఇవ్వాలని, లేకపోతే రూ.20,000 తిరిగివ్వాలని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చెల్లింపు ఫోన్‌పే స్క్రీన్‌షాట్, చాసిస్ ఫొటోలు జత చేయండి. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, రూ.5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అయితే 'ఏదో ఒక ఆర్సీ అతికించు' అని మీరే మెసేజ్ పెట్టి ఉంటే ఆ ఫిర్యాదు మీ మీదికే తిరుగుతుంది. అలాంటిదేమైనా ఉంటే నోటీసు పంపే ముందే దగ్గర్లోని వకీలుకు ఫోన్ చూపించండి.