నీళ్లలో మునిగి చనిపోతే ఆ కుటుంబం చట్టపరంగా ఏం చేయవచ్చు?

మీ ప్రశ్న చదివాను. రిసార్ట్ స్విమ్మింగ్ పూల్‌లో మీ తమ్ముడు మునిగి చనిపోయాడు, పోలీసులు ప్రమాదం అని రాసుకుని వెళ్లారు, ఓనరు మీద ఏమైనా చేయగలమా లేక వదిలేయాలా అని అడిగారు. చేయగలరు. అయితే ఎంతవరకు అన్నది ఆ మొదటి రాత్రి మీ ఇంట్లోవాళ్లు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో దాన్నిబట్టి ఉంటుంది. లాయర్లు ఈ మాట ఒప్పుకోరు, వాళ్ల వాదనా పటిమ వల్లే కేసులు నిలబడతాయని వాళ్ల నమ్మకం. నేను చూసింది వేరు.

2022 మే నెల. మా అక్క కొడుకు పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. ఊరి బయట ఒకాయన తన తోటలోని పాత బావిని వెడల్పు చేయించి, సిమెంటు కొట్టించి, ఎండాకాలం వస్తే ఈత కొలను అని నడుపుతాడు. గంటకు 60 రూపాయలు. డబ్బులు వసూలు చేయడానికి ఒక కుర్రాడు ఉంటాడు, నీళ్లలో ఎవరన్నా మునిగితే దూకడానికి మాత్రం ఎవరూ ఉండరు. లోతు ఎంతో ఎక్కడా రాసి లేదు. నీళ్లు పచ్చగా ఉంటాయి, అడుగు కనపడదు. నలుగురు పిల్లలు దిగారు, ముగ్గురు పైకి వచ్చారు. నాలుగోవాడు లేడని గమనించేసరికే ఆలస్యమైపోయింది.

నేను వెళ్లేసరికి ప్రభుత్వాసుపత్రి మార్చురీ బయట యాభై మంది దాకా ఉన్నారు. అందరి నోటా ఒకటే మాట: "పోస్టుమార్టం వద్దు, పిల్లాణ్ణి కోయించొద్దు, కేసు వద్దు, తీసుకెళ్లిపోదాం." మా బావ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన ఒళ్లో ఒక ప్యాడ్, దాని మీద హెడ్ కానిస్టేబుల్ అప్పటికే రాసిపెట్టిన ఫిర్యాదు. ఫిర్యాదు అంటే మా బావ చెప్పింది కాదు, ఆయన తరఫున స్టేషన్ వాళ్లు రాసుకొచ్చింది. చివరి రెండు వాక్యాలు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. "మా అబ్బాయి ఈత రాక ప్రమాదవశాత్తు నీట మునిగి చనిపోయాడు. అతని మరణం విషయంలో మాకు ఎవరి మీదా ఎలాంటి అనుమానం లేదు."

బావ పెన్ను పట్టుకుని ఉన్నాడు. నేను కాగితం తీసుకుని "ఆగు బావా" అన్నాను. హెడ్ కానిస్టేబుల్ చెడ్డవాడేం కాదు, పాపం నచ్చజెప్పినట్టే చెప్పాడు. "ఇది ఫార్మాట్ సార్. అందరికీ ఇలాగే రాస్తాం. ఇలా ఉంటేనే పని తొందరగా అయిపోయి పొద్దున్నే బాడీ ఇచ్చేస్తారు." మా బాబాయి వరస ఆయన ఒకరు నా మీదకే వచ్చాడు. "పోయినోడు తిరిగొస్తాడా? ఈ టైములో నీ బ్యాంకు తెలివితేటలు చూపించకు." నేను బ్యాంకులో పనిచేస్తాను. కాగితాల్లో ఒక్క వాక్యం ఎక్కడ కొంప ముంచుతుందో చూసీచూసీ ఉన్నవాణ్ణి. ఇంకో తెల్లకాగితం తెప్పించి బావ చేత చెప్పించి నేనే రాశాను: డబ్బులు తీసుకుని పిల్లల్ని లోపలికి పంపారు, కాపలా మనిషి లేడు, లోతు గురించి హెచ్చరిక లేదు, రక్షించే ట్యూబు గానీ తాడు గానీ లేదు, దీనికి యజమాని నిర్లక్ష్యమే కారణమని మా అనుమానం. అంతే. అనుమానం అన్న మాట చాలు, నిరూపించాల్సిన పని ఆ రాత్రి మనది కాదు.

అయినా కేసు 174 కిందే కట్టారు. అప్పటి పాత చట్టం సీఆర్‌పీసీలో అనుమానాస్పద, అసహజ మరణాలకు పంచనామా చేసే సెక్షన్ అది. ఇప్పుడు, అంటే 2024 జూలై 1 నుంచి, అదే పని కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 194 కింద జరుగుతుంది. ఈ సెక్షన్‌లో నిందితుడు అంటూ ఎవరూ ఉండరు. ఎలా చనిపోయాడని మాత్రమే చూస్తారు. నిర్లక్ష్యం వల్ల మరణం అంటే వేరే చట్టం, వేరే సెక్షన్: పాత ఐపీసీలో 304ఏ, ఇప్పటి బీఎన్ఎస్‌లో 106(1). ఇప్పటి సెక్షన్‌లో శిక్ష 5 ఏళ్ల దాకా. బెయిల్ వెంటనే వస్తుంది, దానికి గుండె పగలగొట్టుకోవద్దు. మా కేసులో సెక్షన్ మార్చడానికి పనికొచ్చింది సమాచార హక్కు దరఖాస్తు. ఆ కొలనుకు అనుమతి ఉందా అని పంచాయతీని అడిగితే, ఎలాంటి అనుమతీ ఇవ్వలేదని రాతపూర్వకంగా జవాబిచ్చారు. ఆ కాగితం చూపించాక ఎస్సై గారి ధోరణి మారిపోయింది.

ప్రమాదం జరిగిన మర్నాడు పొద్దునకల్లా కొలను గేటు మీద కొత్త బోర్డు వెలిసింది. "ఈత రానివారికి ప్రవేశం లేదు. ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు." రంగు ఇంకా ఆరలేదు. మావాడి స్నేహితుడు అంతకుముందు వారం అక్కడే తీసుకున్న ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో అదే గేటు ఖాళీగా ఉంది. కోర్టులో ఆ రీల్ చేసిన మేలు ఇంతా అంతా కాదు. బోర్డు నిజంగానే ముందు నుంచీ ఉన్నా ఓనరు బాధ్యత గాల్లో కలిసిపోదు. డబ్బు తీసుకున్నవాడు కనీస జాగ్రత్తలు తీసుకోవాలి, గోడ మీద నాలుగు అక్షరాలు రాసి చేతులు దులుపుకుంటే కుదరదు.

ఇక్కడ పేపర్ల మీద నా కోపం కూడా చెప్పుకోవాలి. జిల్లా పేజీలో "ఈత సరదా ప్రాణం తీసింది" అని వేశారు. కాపలా మనిషి లేడన్న సంగతి ఒక్క లైను లేదు. ప్రతి వేసవిలో ఇదే హెడ్డింగు, ఫొటో మాత్రం మారుతుంది. అవతలి లాయరు ఆ కటింగునే తెచ్చి వినియోగదారుల కమిషన్‌లో పెట్టాడు, పిల్లవాడి తప్పేనని పేపర్లు కూడా రాశాయని. ఈత రానివాళ్లు వస్తారనే కదా కాపలా మనిషి ఉండాల్సింది అని కమిషన్ అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు.

కమిషన్ అన్నాను కదా, చాలామందికి ఈ దారి తెలియదు. రిసార్టు, పార్కు, ఈత కొలను, బోటు షికారు, డబ్బు కట్టి వెళ్లిన ఏ చోటైనా అది సేవే. సేవలో లోపం వల్ల మనిషి పోతే వారసులు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం వచ్చాక మీరుండే ఊరి కమిషన్‌లోనే వేసుకోవచ్చు, రిసార్టు ఎక్కడున్నా సరే. ఫీజు మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన ధరను బట్టి. 5 లక్షల లోపు ధరకు ఫీజే లేదు. 60 రూపాయల టికెట్ మీద మేం లక్షల్లో అడిగాం, ఒక్క రూపాయి ఫీజు కట్టలేదు. టికెట్ చింపి పారేశారు కానీ, మావాడి స్నేహితుడు వాళ్ల నాన్న ఫోన్‌పే నుంచి నలుగురికీ కట్టాడు. ఓనరు పేరుతో, టైముతో సహా అందులో ఉంది. వేరేవాళ్లు కట్టారు కాబట్టి మావాడు వినియోగదారుడు కాడని వాదించారు, నిలబడలేదు. డబ్బు కట్టినవాళ్ల సమ్మతితో సేవ పొందినవాళ్లు కూడా వినియోగదారులే.

జిల్లా కమిషన్‌లో మేం గెలిచాం. వాళ్లు రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లారు, వెళ్లాలంటే సగం సొమ్ము ముందు డిపాజిట్ చేయాలి. చేశారు. క్రిమినల్ కేసు మాత్రం ఇంకా వాయిదాలే.

మధ్యలో పెద్దమనుషులు రాజీకి వచ్చారు. మా వైపు చుట్టాలే ఇద్దరు వాళ్ల కారులో దిగారు. 3 లక్షలు ఇప్పిస్తాం, కేసు తీయించుకోండి అని. 106 గానీ పాత 304ఏ గానీ స్టేషన్‌లో కూర్చుని రాజీ చేసుకునే సెక్షన్ కాదు. కేసు కొట్టేయించుకోవాలంటే వాళ్లే హైకోర్టుకు పోవాలి, మీ సంతకం వాళ్లకు కావలసింది అందుకే. డబ్బు తీసుకోవద్దని నేను అనను, ఇల్లు గడవనివాళ్లకు నీతులు చెప్పే హక్కు నాకు లేదు. తీసుకుంటే మాత్రం లాయరు ముందు తీసుకోండి, ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో చదువుకోండి.

ఓనరు ప్రైవేటువాడు కాకుండా ప్రభుత్వ శాఖ అయితే దారి హైకోర్టు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు, గుర్తుండే ఉంటుంది. లార్జీ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. హిమాచల్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, 2016లో ఒక్కో కుటుంబానికి 20 లక్షలు వడ్డీతో సహా ఇమ్మంది. అందులో 60 శాతం విద్యుత్ బోర్డు, 30 శాతం కాలేజీ, 10 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించాలంది. అదే నదిలో 1995లో పఠాన్‌కోట్ దగ్గరి ఒక స్కూలు పిక్నిక్‌కు తీసుకెళ్లిన పిల్లలు 14 మంది మునిగిపోయారు. తలా 5 లక్షల పరిహారాన్ని 2001లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. తీసుకెళ్లిన టీచర్లదీ, స్కూలుదీ బాధ్యతే అంది. కాలేజీ టూర్లు వేసే యాజమాన్యాలు ఈ రెండు తీర్పులూ నోటీసు బోర్డులో అంటించుకోవాలి. తల్లిదండ్రుల చేత ఒప్పుకోలు పత్రం రాయించుకుంటే చాలనుకుంటారు.

మంత్రులు ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, ఇది వేరు. అది వాళ్ల దయ, ఇది మీ హక్కు. చెక్కు తీసుకుని ఫొటో దిగినంత మాత్రాన కేసు వేయకూడదని ఎక్కడా లేదు.

ఇంకో దారి సివిల్ కోర్టు. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఒకటి ఉంది, ఇంకా బతికే ఉంది. దీని కింద పరిహారం భార్యకో, భర్తకో, తల్లిదండ్రులకో, పిల్లలకో వస్తుంది. తోబుట్టువులకు రాదు. అందుకే మీ పేరు మీద కాదు, మీ అమ్మగారి పేరు మీద వేయించండి. ఇంకో లాభం కూడా ఉంది: ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే చెబుతారు.

బ్యాంకువాణ్ణి కాబట్టి ఇది అడక్కుండానే చెబుతున్నాను. మీ తమ్ముడికి 18 నిండి ఉంటే ఆయన ఖాతా స్టేట్‌మెంట్ తీయించండి. ఏడాదికి 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు. నీట మునగడం కూడా అందులోకి వస్తుంది, పోలీసు కాగితాలు అడుగుతారు. పోస్టుమార్టం వద్దని మార్చురీ దగ్గర గొడవచేసినవాళ్లే తర్వాత క్లెయిము కోసం మా కౌంటర్ దగ్గర నిలబడతారు. రిపోర్టు లేదంటే నేనేం చేయను?

ఇక మీ సంగతి. ముందు స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి, ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. అందులో ఆ "అనుమానం లేదు" వాక్యం ఉంటే కంగారు పడకండి. మీ నాన్నగారి చేత అదనపు వాంగ్మూలం రాతపూర్వకంగా ఇప్పించి రసీదు తీసుకోండి. ఎస్సై తీసుకోకపోతే ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు. రిసార్టు సీసీ కెమెరా రికార్డింగు చెరిపేయకుండా భద్రపరచమని ఈరోజే లెటర్ ఇవ్వండి, కొన్నాళ్లకు దాని మీద కొత్తది రికార్డవుతుంది. వినియోగదారుల కమిషన్‌కైనా, నేను చెప్పిన సివిల్ దావాకైనా గడువు రెండేళ్లే. మీ ప్రశ్నలో తమ్ముడు పోయిన తేదీ లేదు, లాయరు దగ్గరికి వెళ్లగానే మొదట అదే చెప్పండి.