రాక్షసులు ఆక్రమించిన గ్రహం మీద తెలుగులో కథ రాస్తే నమ్మేలా ఉంటుందా?

ప్రశ్న అడిగినవారు ఆకాశం ఏ రంగులో ఉండాలి, రాక్షసులకు ఎన్ని చేతులు పెట్టాలి అని కూడా కింద వివరంగా అడిగారు. చేతుల సంగతి మీ ఇష్టం. నేను ఒక కథల యాప్‌లో సరిగ్గా ఇలాంటి సీరియలే రాస్తున్నాను. పైగా మాది ప్రకాశం జిల్లాలో గ్రానైట్ క్వారీలుండే చీమకుర్తి వైపు. కాబట్టి ఈ విషయంలో మిగతావాళ్ళకన్నా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడే హక్కు నాకుందని నా నమ్మకం.

నమ్మేలా ఎందుకుండదు? కాకపోతే రాక్షసులు గెలిచిన మర్నాడు పొద్దున అక్కడ ఎవరు ఏ పనికి పోతున్నారో రాయాలి. అది రాయకుండా ఎంత నిప్పు కురిపించినా దాన్ని గ్రహం అనరు, వాల్‌పేపర్ అంటారు.

వీడియో గేముల్లో ఈ దారి వేసింది డూమ్. 1993లో వచ్చింది. అంగారకుడి చందమామలు ఫోబోస్, డీమోస్ మధ్య వస్తువుల్ని ఇక్కడ మాయం చేసి అక్కడ తేల్చే ప్రయోగాలు జరుగుతుంటాయి. ఆ దారి పట్టుకుని రాక్షసులు దిగబడతారు. డీమోస్ అయితే ఏకంగా మాయమైపోయి నరకం మీద తేలుతుంది. ఒంగోల్లో నెట్ సెంటర్‌కు గంటకింత అని కట్టి మరీ ఆడేవాళ్ళం. భయం వేసేది, కాదనను. కానీ అందులో మనం తిరిగేది అందరూ చచ్చిపోయాక మిగిలిన గోడల మధ్య. బల్ల మీద బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధం ఆట వార్‌హ్యామర్ 40,000 వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. అంతరిక్షంలో 'ఐ ఆఫ్ టెర్రర్' అని ఒక చిరుగు, అందులో రాక్షస గ్రహాలు, ఏలేవాడి మూడ్‌ను బట్టి మారిపోయే కొండలు. అక్కడ బానిసలున్నారు, కొలుములున్నాయి, పని నడుస్తోంది. అందుకే నా ఓటు వాళ్ళకే.

అసలు అంత దూరం పోనక్కర్లేదు. రాక్షసుల గురువు శుక్రాచార్యుడు కదా, ఆయన పేరున్న గ్రహం సంగతి చూడండి. నేల మీద వేడి దాదాపు 465 డిగ్రీలు. గాలి ఒత్తిడి మన దగ్గరకన్నా తొంభై రెట్లు. మేఘాల నిండా సల్ఫ్యూరిక్ యాసిడ్. సూర్యుణ్ణి చుట్టి రావడానికి 225 రోజులు పడితే, తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 243 రోజులు పడుతుంది. అదీ వెనక్కి తిరుగుతుంది, అక్కడ పొద్దు పొడిచేది పడమట. సోవియట్ వాళ్ళు 1982లో దింపిన వెనెరా 13 ఆ నేల మీద 127 నిమిషాలు పనిచేసి ఊరుకుంది. ఇదంతా ఎవరో పనిగట్టుకుని రాసినట్టు లేదూ? 2028లో ఇస్రో శుక్రుడి చుట్టూ తిరిగే నౌకను పంపాలని చూస్తోంది. శ్రీహరికోట నుంచే లేస్తుంది కాబట్టి రాక్షసగురువు ఇంటికి రాకపోకలు మా కోస్తా నుంచే అన్నమాట.

ఇక లావా. దయచేసి లావా మానేయండి. ప్రతి కథకూ కవర్ మీద ఎర్రటి ఆకాశం, కింద కుతకుతలాడే నిప్పు ఏరు, మధ్యలో కొమ్ములవాడు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం కర్నూలు రోడ్డు మీద టిప్పర్ల వెనకాల బండి నడిపినవాడికి ఈ బొమ్మ చూపించి భయపెట్టాలనుకోవడం అమాయకత్వం. మా వైపు వాళ్ళు ఆ నిప్పు ఏరు గట్టున కూడా ఒక సోడా బండి పెట్టేస్తారు.

నా కథలో గ్రహం పుట్టింది మాత్రం ఒక గ్రానైట్ క్వారీలో. చీమకుర్తి రాయి సంగతి తెలియనివాళ్ళ కోసం: నల్లటి రాయి, లోపల బంగారు రంగు చుక్కలు, బ్లాక్ గెలాక్సీ అనే పేరుతో దేశదేశాలకు పోతుంది. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూగర్భశాస్త్రం వాళ్ళ లెక్కలో అది గాబ్రో జాతి రాయి. నేల లోపల శిలాద్రవం తీరిగ్గా చల్లారి గట్టిపడితే ఏర్పడింది. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం.

మా బాబాయి అప్పట్లో ఒక క్వారీలో డెరిక్ క్రేన్ ఆపరేటర్. ఇంటర్ సెలవుల్లో ఒక రాత్రి ఆయనకు అన్నం క్యారియర్ ఇచ్చి రమ్మని పిన్ని నన్ను పంపింది. పగలు చాలాసార్లు చూసిన చోటే. రాత్రి చూడటం అదే మొదలు. అంచున నిలబడి తొంగి చూస్తే గోడలు మెట్లుమెట్లుగా కిందికి దిగిపోతున్నాయి, ఒక్కో మెట్టూ మనిషికి రెండు మూడు నిలువుల ఎత్తు. అట్టడుగున ఫ్లడ్‌లైట్లు. ఆ వెలుతురులో దుమ్ము లేస్తుంటే తవ్వే యంత్రాలు హిటాచీల చేతులు కనిపిస్తున్నాయి, నడిపేవాళ్ళు కనిపించడం లేదు. ఒక పక్క వైర్ సా ఆడుతోంది. డైమండ్ పూసలు గుచ్చిన ఇనప తీగ రాతి చుట్టూ గిర్రున తిరుగుతుంటే పైపుతో నీళ్ళు వదులుతున్నారు, కోత లోంచి బూడిదరంగు బురద కారుతోంది. ఆ కీచు చప్పుడు చెవులకు వినపడటం కాదు, పళ్ళలో తెలుస్తుంది.

టీ వేళయింది. పైనున్నతను తాడుకు క్యాన్ కట్టి లోపలికి వదిలాడు. అది ఊగుకుంటూ చాలాసేపు దిగింది. అడుగునున్న ఒకతను తలెత్తి చూడను కూడా చూడకుండా చేయి చాపి పట్టుకున్నాడు. క్యాన్ సరిగ్గా ఎక్కడికి వస్తుందో ఆ చేతికి తెలుసు. నా సీరియల్ మొత్తం ఆ చేతి మీదే నడుస్తోంది, అబద్ధమెందుకు.

బాబాయి క్యాబిన్ లోంచి దిగి, అన్నం తినే ముందు పక్కనే కొత్తగా కోసి పెట్టిన బ్లాకు మీద చెంబుడు నీళ్ళు కొట్టి టార్చి వేసి చూపించాడు. తడిసిన నలుపులో చుక్కలన్నీ ఒక్కసారిగా లేచాయి. అసలే డూమ్ ఆడి ఆడి పిచ్చెక్కి ఉన్న రోజులు. "బాబాయ్, ఇట్లా తవ్వుకుంటా పోతే అడుగు నుంచి రాక్షసులొస్తే ఏం చేస్తావు?" అన్నాను.

ఆయన పప్పన్నం కలుపుకుంటూ, "వస్తే రానీరా. వాళ్ళకి మాత్రం రాయి అక్కర్లేదా?" అన్నాడు. కాసేపాగి, "నేనొచ్చాక ఇద్దరు ఓనర్లు మారారు. క్రేను మారిందా? నా పాత బాకీ మాత్రం ఇంతవరకూ ఎవడూ ఇవ్వలేదు. రాక్షసులన్నా ఇస్తారేమో అడుగుదాం" అన్నాడు.

ప్రశ్నకు అసలు జవాబు ఇదే. గ్రహాన్ని పట్టుకోవడం ఒక్క రోజు పని. తరువాత దాన్ని నడపాలి. రాక్షసుడికీ రాయి కావాలి, తిండి కావాలి, లెక్కలు కావాలి. ఆ లెక్కలు రాసేది ఎవరు? మనవాడే. నా సీరియల్‌లో రాక్షసరాజును చూసి ఎవరూ పెద్దగా భయపడరు. వాడి దగ్గర చేరి హాజరు పట్టీ రాసే గుమాస్తాను చూస్తేనే అందరికీ దడ.

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టానని అనను. భాగవతం సప్తమ స్కంధం తీయండి. హిరణ్యకశిపుడు మూడు లోకాలూ గెలిచి ఇంద్రుడి సింహాసనం మీద కూర్చున్నాక ఏం జరిగింది? లోకం తగలబడలేదు. భూమి దున్నకుండానే పంటలిచ్చింది. సముద్రాలు రత్నాలు తెచ్చి ఒడ్డున పోశాయి. చెట్లు అన్ని కాలాల్లోనూ కాశాయి. దిక్పాలకుల పనులన్నీ వాడొక్కడే చూసుకున్నాడు, గంధర్వులు వాడి ముందు పాడారు, యజ్ఞాల్లో హవిస్సు వాడికే ముట్టింది. చూశారా, ఎంత చక్కటి పరిపాలన! భయంతో పండే పంట అది. విదేశీ ఆటల్లోని కొమ్ముల బొమ్మలన్నీ కలిపినా ఈ ఒక్క వాక్యమంత వణుకు పుట్టించవు. మనవాళ్ళు మాత్రం దీన్ని వదిలేసి స్తంభం పగిలే దగ్గర్నుంచే మొదలుపెడతారు.

స్తంభం పగిలాక కథ కూడా మా వైపే ఉంది. నెల్లూరు దగ్గర పెంచలకోనకు వెళ్ళండి. రాక్షసుణ్ణి చంపాక కూడా కోపం చల్లారని నరసింహస్వామి ఈ అడవుల్లో తిరుగుతూ చెంచులక్ష్మిని చూసి, పెళ్ళాడి, ఇక్కడే నిలిచిపోయాడని స్థలపురాణం. నెల్లూరు జిల్లాలో ఏ వీధిలో పిలిచినా ఒక పెంచలయ్య పలుకుతాడు. గ్రహాన్ని విడిపించిన హీరో కోపం ఎలా దిగుతుందో ఎవరన్నా రాశారా? అందరూ చివరి దెబ్బ కొట్టగానే సమాప్తం అని వేసేస్తారు.

ఇంకొక్క గోడు చెప్పుకుంటాను. రాక్షసులందరూ "ఓరీ మానవాధమా" అనే ఎందుకు మాట్లాడాలి? వేరే గెలాక్సీ నుంచి వచ్చినవాడికి నాటకం భాష ఎవరు నేర్పారు? వాడొచ్చింది ఒంగోలు మీదికైతే పదేళ్ళు కాపురం ఉన్నాక "ఏందిరా, నిన్న రాలేదే?" అనే అంటాడు. నా రాక్షసులు అట్లాగే మాట్లాడతారు. దాని మీద కామెంట్లలో తిట్లు కూడా బాగానే పడ్డాయి. రాక్షసుడికి గాంభీర్యం లేదట. ఎవరికైనా జీతం బాకీ పడ్డ ఆసామి నోట ఆ రెండు ముక్కలూ మామూలుగా వినపడితే ఎంత గంభీరంగా ఉంటాయో ఈ విమర్శకులకు తెలియదు.

మరి హీరో ఎప్పుడొస్తాడని రోజూ అడుగుతున్నారు. రాడు. క్రేన్ ఆపరేటర్ ఉన్నాడు, ఆయనకు రాత్రి షిఫ్టు పడింది, చూద్దాం. కవర్ బొమ్మ వేసే కుర్రాడికి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పి, రాతి గోడలు, తాడు, టీ క్యాన్ వేయరా నాయనా అని డబ్బులు కూడా ముందే పంపాను. నిన్న రాత్రి బొమ్మ వచ్చింది. క్యాన్‌కు కొమ్ములు పెట్టాడు.