ముందు ఎవరెంత పెట్టగలరో తెలుసుకోండి, బుకింగ్ తర్వాత చూద్దాం

ప్రశ్న: మాతో పాటు మరో రెండు స్నేహితుల కుటుంబాలు కలిసి పిల్లలతో అమెరికాలోని డిస్నీ వరల్డ్ థీమ్ పార్కులకి వెళ్లాలనుకుంటున్నాం. ఇలాంటివి నేను బాగా చూసుకుంటానని ప్లాన్ అంతా నాకే అప్పజెప్పారు. "ముందు నీ కార్డు మీద బుక్ చేసెయ్, తర్వాత సర్దుకుందాం" అంటున్నారు. ఒక కుటుంబం ఈ మధ్యే ఇల్లు కొంది, వాళ్లకి ఇది భారమేమోనని నాకు అనుమానం. డబ్బు విషయం ఎలా నడపాలి?

జవాబు: ప్లాన్ మీరే చేయండి, డబ్బు మాత్రం మీ కార్డు మీద పెట్టకండి. ఈ రెండూ వేరువేరు పనులు. అందరి ఖర్చూ మీరు పెట్టుకుంటే, ఎప్పుడు తీరుస్తారో తెలియని చేబదులు రెండు కుటుంబాలకి ఇచ్చినట్టే. మీ బిల్లు గడువు మీ స్నేహితుల జీతాల తేదీ చూసి రాదు కదా. బిల్లులో కొంత మిగిలిపోయిందంటే దాని మీద వడ్డీ పడుతుంది, చాలా కార్డుల్లో అయితే ఆ తర్వాత కొన్నవాటికి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. పైగా లిమిట్ అంతా అయిపోయి ఊరుగాని ఊర్లో పిల్లాడికి జ్వరమొస్తే వాడుకోవడానికి కార్డులో ఏమీ మిగలదు.

మరి మొదలెక్కడ? గ్రూపులో "ఈ ప్లాన్ అందరికీ ఓకేనా?" అని అడగకండి, అక్కడ కాదనడానికి ఎవరికైనా మొహమాటమే. ఒక్కో కుటుంబానికి విడిగా ఫోన్ చేసి, అప్పు చేయకుండా, అత్యవసరానికి దాచుకున్నది ముట్టుకోకుండా ఎంత పెట్టగలరో అంకె అడగండి. ఇల్లు కొన్నవాళ్లని వాళ్ల లోన్ గురించి ప్రత్యేకంగా అడగక్కర్లేదు, ఈ ప్రశ్న అందరికీ ఒకటే. వచ్చిన అంకెల్లో అన్నిటికంటే చిన్నదాన్ని బట్టి అందరూ కలిసి గడిపే రోజులు నిర్ణయించండి. ఇంకా ఉండగలిగినవాళ్లు తర్వాత ఒకట్రెండు రోజులు వాళ్లకి వాళ్లే ఉండొచ్చు, అందులో ఎవరూ నొచ్చుకోవాల్సింది ఏమీ లేదు.

గదులు ఎవరివి వాళ్లు, ఎవరి కార్డు మీద వాళ్లు. టికెట్లూ అంతే. ఎవరి టికెట్లు వాళ్లు కొనుక్కుని డిస్నీ యాప్‌లో ఒకరినొకరు స్నేహితుల జాబితాలో కలుపుకుంటే చాలు, అందరి ప్లానూ మీకు ఒకేచోట కనిపిస్తుంది.

ఇక లెక్క తప్పేది ఎక్కువగా టికెట్ల దగ్గరే. డిస్నీ వరల్డ్‌లో 2018 నుంచి తేదీని బట్టి ధర మారుతోంది, కాబట్టి బయల్దేరే రోజు అటూ ఇటూ జరిపి చూడండి, పదకొండు పన్నెండు మంది వెళ్లేటప్పుడు ఆ తేడా చిన్నదేం కాదు. మూడేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, మూడు నుంచి తొమ్మిదేళ్ల వరకు పిల్లల టికెట్, పదేళ్లు నిండితే పెద్దవాళ్ల టికెట్టే. పిల్లలది హాఫ్ టికెట్ కదా అని బడ్జెట్ వేసుకోకండి, అక్కడ పెద్దవాళ్ల ధరకీ పిల్లల ధరకీ తేడా చాలా తక్కువ. ఎక్కువ రోజులకి కొంటే రోజుకి పడే ధర తగ్గుతుంది, నిజమే, కానీ ఆ అదనపు రోజుకి గది అద్దె, తిండి, తిరుగుడు కూడా కలిపి చూడకుండా "ఇంకొంచెం పెడితే ఇంకో రోజు" అనే మాటకి పడిపోకండి.

క్యూ తప్పించే పాస్ గురించి కూడా ముందే తేల్చుకోండి. 1999లో మొదలైన ఫాస్ట్‌పాస్ ఉచితం, 2021లో దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. ఇప్పుడు దాని పేరు లైట్నింగ్ లేన్. ఎప్పుడో వెళ్లొచ్చినవాళ్లు పాత లెక్కలోనే ఉంటారు. కలిసి తిరగాలంటే ఇది అందరూ కొనాలి లేదా ఎవరూ కొనకూడదు, ఒక కుటుంబం కొని ఇంకో కుటుంబం గంటసేపు ఎండలో నిలబడితే ఆ రోజు పాడైనట్టే. పిల్లల ఎత్తు కూడా కొలవండి. అక్కడి స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ ఎక్కాలంటే 44 అంగుళాలు ఉండాలి. ఎత్తు చాలని పిల్లలుంటే తల్లీదండ్రీ ఒకరి తర్వాత ఒకరు, రెండోసారి క్యూలో నిలబడకుండా ఎక్కే రైడర్ స్విచ్ ఉంది, దానికి డబ్బు కట్టక్కర్లేదు.

క్యాబ్‌లు, మంచినీళ్లు, అందరూ కలిసి తినే భోజనాలకి మాత్రం మనిషికింత అని బయల్దేరే ముందే వసూలు చేసి ఒకచోట పెట్టండి. బొమ్మలు, టోపీలు అందులోంచి కొనొద్దు. విదేశం నుంచి వెళ్తుంటే, కార్డు మెషీన్ మీ దేశపు కరెన్సీలో కడతారా అని అడిగినప్పుడు వద్దనండి, ఆ మార్పిడి రేటు దాదాపు ఎప్పుడూ మీకు నష్టమే.

ఎవరైనా చివర్లో మానుకుంటే తిరిగి రాని డబ్బు ఎవరిది? మానుకున్నవాళ్లదే, ఇది ఇప్పుడే గ్రూపులో రాసి పెట్టండి. పార్క్ టికెట్లకి సాధారణంగా డబ్బు వెనక్కి ఇవ్వరు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా ఏ కుటుంబానికి ఆ కుటుంబమే తీసుకోవాలి.

ఇల్లు కొన్న స్నేహితులు ఈసారి కుదరదంటే రెండోసారి బతిమాలకండి. వాళ్లు లేకుండా వెళ్లడం మీకు ఇష్టం లేకపోతే, మీ బడ్జెట్‌లో చోటుంటే, వాళ్ల పిల్లల టికెట్లు మీరు కొనివ్వండి, అయితే అది మీ బహుమతి అని కొనకముందే చెప్పండి, తిరిగి అడగకండి. అంత చోటు మీ దగ్గర లేకపోతే వాళ్ల వీలు చూసుకుని ఏడాది ఆగి వెళ్లండి.